ఒక్క తల ఊపుతో పోయిన హనీమూన్ గది

మనిషికి భాషలు అక్కర్లేదు. మెడ ఉంటే చాలు!

నవ్వకండి, బాగా ఆలోచించే చెబుతున్నాను. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం, బడిలో మలాయ్, ఆఫీసులో ఇంగ్లీషు. మలేషియాలో పుట్టిన పాపానికి ఇన్ని భాషలు మోసుకు తిరుగుతున్నదాన్ని. నేర్చుకుని ఏం బావుకున్నాను? ఎవరైనా ఏదైనా అడిగితే ఏ భాషలో జవాబు చెప్పాలా అని నేను తడుముకుంటూ ఉంటాను. ఈలోగా పక్కవాడు హాయిగా తల ఊపి పని కానిచ్చుకుపోతాడు.

ఫోనులో కొత్త యాప్ పెట్టుకున్నప్పుడు అది చూపించే షరతులు మీలో ఎవరు చదివారు? 'అంగీకరిస్తున్నాను' అన్నచోట వేలు పెట్టి నొక్కలేదూ? అది తల ఊపడం కాదా? బ్యాంకులో, ఆసుపత్రిలో, పెళ్లిపీటల మీద మంత్రాలకు... అర్థం కాకుండా ఊపిన తలల మీదే కదా నాగరికత అంతా నిలబడింది!

ఈ జ్ఞానం నాకు ఊరికే రాలేదు. చైనా దాకా వెళ్ళి, నా హనీమూన్‌ను ధారపోసి సంపాదించుకున్నాను.

మాకు పెళ్లయిన కొత్త. ఎంత కొత్త అంటే, తీగ మీద మా ఆయన తువ్వాలు నా తువ్వాలు పక్కన ఆరుతూ కనబడితే నిలబడి చూసి మురిసిపోయేంత కొత్త. ఆయన పేరు యోగేశ్వరన్. నాన్న తెలుగు, అమ్మ తమిళం, ఊరు సుంగై పెటాని. "నన్ను చేసుకుంటారా?" అని ముందు అడిగింది నేనే. ఆయన తల ఊపారు. అది ఎంత ముద్దొచ్చిందంటే, దాంతోపాటు ఒక మాట కూడా ఉండాలని నాకు తట్టనే లేదు.

పెనాంగ్‌లోని జార్జ్ టౌన్‌లో మేము మాట్లాడుకున్న అద్దె ఫ్లాట్ ఖాళీ అయ్యేదాకా అత్తవారింట్లోనే ఉంటున్నాం. చాలా ప్రేమగల ఇల్లు. మధ్యాహ్నం తలుపు వేసుకుంటే చాలు, "ఏమైంది, ఒంట్లో బాగాలేదా?" అని ఎవరో ఒకరు వచ్చి తడతారు. తీయకపోతే ఇంకొకరు వచ్చి తడతారు.

అందుకని హనీమూన్ మీద నాకున్న కోరిక చాలా చిన్నది. ఒక గది. దానికొక తలుపు. లోపల మేమిద్దరం. కొండలూ సరస్సులూ కిటికీలోంచి కనబడితే మంచిదే, కనబడకపోయినా మంచిదే.

చైనాలో కున్‌మింగ్ వెళ్దామన్నారు మా ఆయన. సరేనన్నాను. తేక్ హువాట్‌ను కూడా తీసుకెళ్దామన్నారు.

తేక్ హువాట్ ఆయనతో జార్జ్ టౌన్‌లో చదువుకున్న చైనీస్ స్నేహితుడు. అక్కడి భాష మనకు ఒక్క ముక్క రాదు, వాడుంటే ధైర్యం అని మా ఆయన వాదన. చైనాలో మాట్లాడగలవా అని అడిగితే తేక్ హువాట్, "బోలే లా," అన్నాడు. మలాయ్‌లో బోలే అంటే చేతనవుతుందని. చివరి 'లా'కు అర్థమేమీ లేదు, అది మా దేశంలో ప్రతి మాటకూ అద్దుకునే తేనె. మా దేశంలో "బోలే లా" అన్నవాడికి ఆ పని రాదనీ, రాదని చెప్పడం వాడికి ఇష్టం లేదనీ పసిపిల్లలకు కూడా తెలుసు. అయినా నమ్మాం!

అతనొక్కడూ వస్తే బాగుండదని నా హాస్టల్ స్నేహితురాలు మోగనను నేను పిలిచాను. అలా ఇద్దరి హనీమూన్ నలుగురిదైంది. గదులు మూడు. మోగనకొకటి, తేక్ హువాట్‌కొకటి, మాకొకటి. ఆ 'మాకొకటి' కోసం ఫోనులో బుకింగ్ తెరిచి ఎన్నిసార్లు చూసుకున్నానో!

కున్‌మింగ్ ఎయిర్‌పోర్టులో వేలిముద్రలు తీసుకునే మెషిన్ మా పాస్‌పోర్టు చూసి మలాయ్‌లో మాట్లాడింది. ఎడమచేతి వేళ్ళు పెట్టమంది. ఎంత చక్కని ఉచ్చారణ! దాన్ని కౌగలించుకోవాలనిపించింది. మాకు అర్థమయ్యేలా మాట్లాడిన ప్రాణి ఆ దేశంలో అదే ఆఖరు.

బయటికొచ్చాక అసలు సంగతి తెలిసింది. తేక్ హువాట్‌కు వచ్చింది ఇంట్లో వాళ్ళమ్మతో మాట్లాడే హొక్కియెన్ అనే వేరే చైనీస్ భాష. అక్కడివాళ్ళు మాట్లాడే మాండరిన్ నాకెంతో అతనికీ అంతే. చదివింది మలాయ్ బడి. చైనీస్ అక్షరాల్లో తన పేరొక్కటే గుర్తుపడతాడు, అదీ పెద్ద అక్షరాల్లో రాస్తే.

కానీ ముఖం ఉందే! టాక్సీవాడూ పోలీసూ పండ్లమ్మే ఆవిడా మా ముగ్గుర్నీ దాటి చూసి అతనితోనే మాట్లాడతారు. ఆ ముఖం పెట్టుకుని నాకు రాదు అనడానికి అతనికి నామోషీ. తల ఊపేవాడు.

టాక్సీ డ్రైవర్ ఏదో అడిగితే ఊపాడు. హోటల్‌కు వెళ్ళాల్సిన టాక్సీ పచ్చరాళ్ళ షాపు ముందు ఆగింది. అక్కడి అమ్మాయి ఏదో అడిగితే ఊపాడు. టీ పోసింది. కప్పు ఖాళీ అయినప్పుడల్లా ఏదో అడగడం, ఇతను ఊపడం, ఆమె పోయడం. మేము బయటపడేసరికి నడుస్తుంటే కడుపులో నీళ్ళ చప్పుడు వినిపిస్తోంది.

హోటల్‌కు చేరాం. కౌంటర్‌లో గులాబీరంగు కోటు వేసుకున్న అమ్మాయి మా పాస్‌పోర్టులు చూసి, కంప్యూటర్ చూసి, ముఖం చిన్నబుచ్చుకుంది. తేక్ హువాట్‌కు ఏదో పెద్ద వివరణ ఇచ్చింది. రెండు వేళ్ళు చూపించింది. మా వెనక వైపు చూపించింది. బతిమాలినట్టు మాట్లాడింది.

తేక్ హువాట్ ఎంతో దయగా తల ఊపాడు. ఆమె ముఖం వెలిగిపోయింది. గది కార్డులు తీసి చేతిలో పెట్టింది.

రెండు!

మూడోదేదని నేను ఫోనులో ట్రాన్స్‌లేటర్ తెరిచి అడిగాను. ఆమె జవాబు తెర మీద పడింది. గదులు తక్కువపడ్డాయట. ఆడవాళ్ళకొకటి, మగవాళ్ళకొకటి సరిపోతాయా అని అడిగితే ఈ పెద్దమనిషి ఒప్పుకున్నాడట. మూడోది మా వెనకున్న ముసలి దంపతులకు ఇచ్చేసిందట. ఊళ్ళో ఏదో కాన్ఫరెన్స్, ఇంకెక్కడా దొరకదట. మా మేలు మరచిపోదట.

వెనక్కి తిరిగి చూశాను. ముసలి దంపతులు చెయ్యీ చెయ్యీ పట్టుకుని లిఫ్ట్ ఎక్కుతున్నారు.

నేను మా ఆయన ముఖం చూశాను. "ఏటి సేస్తాం లా. ఏటైనా అంటే వాడు సిగ్గుపడతాడు," అన్నారు.

అలా నా హనీమూన్ మోగనతో మొదలైంది. మోగనకు ఈపోలో కాబోయేవాడున్నాడు. దుప్పటి ముసుగేసి అతనితో వీడియో కాల్‌లో గుసగుసలు. కొత్త పెళ్లికూతుర్ని నేను పక్క మంచం మీద సీలింగ్ చూస్తూ పరాయివాళ్ళ ముద్దుమాటలు వినడం! ఎంతమందికి దక్కుతుందండీ ఇలాంటి హనీమూన్?

మోగననూ తేక్ హువాట్‌నూ ఒక గదిలో సర్దుకోమందామంటే, ఈపో పెళ్లికొడుకు వీడియోలో గదంతా ఓసారి తిప్పి చూపించమంటాడు.

నేను ఊరుకునేదాన్నా? మర్నాడు పొద్దున్నే కౌంటర్ దగ్గరికి వెళ్ళి, మాకు కొత్తగా పెళ్లయింది, మాకోసం ఏదైనా చేయండి అని ట్రాన్స్‌లేటర్‌లో చూపించాను. గులాబీకోటు అమ్మాయి చప్పట్లు కొట్టింది. లోపలున్నవాళ్ళను కేకేసి పిలిచింది. అందరూ నా చేయి పట్టుకుని ఊపారు. ఆ తరవాత ఏదో అడిగింది. ఏ గది అనే అయుంటుంది. అడిగింది ఎవర్ని? టిఫిన్‌కని అప్పుడే లిఫ్ట్ దిగిన తేక్ హువాట్‌ను. అతను తన గది కార్డు చేత్తో పట్టుకుని తల ఊపాడు.

సాయంత్రం తిరిగొచ్చేసరికి మగవాళ్ళ గది తలుపు మీద పెళ్లి శుభాకాంక్షల ఎర్ర కాగితం! లోపల రెండు మంచాలూ కలిపేశారు. పరుపు మీద గులాబీ రేకులు, ఖర్జూరాలు, వేరుశనక్కాయలు. తువ్వాళ్ళతో చేసిన రెండు హంసలు ముక్కూ ముక్కూ ఆనించుకుని కూర్చున్నాయి.

మా ఆయన ఒక వేరుశనక్కాయ వలిచి నోట్లో వేసుకుని, "మంచోళ్ళు," అన్నారు.

ఆ రేకుల మీద ఆ రాత్రి పడుకున్నది మా ఆయనా, తేక్ హువాటూ. అప్పటికే తేక్ హువాట్ ఒక మసాజ్ సెంటర్‌లో కూడా తల ఊపి ఉన్నాడు. వీపంతా గాజు కప్పులు బోర్లించి పీకారు. అప్పడాలు ఆరేసిన చాపలా ఉన్న వీపుతో బోర్లా పడుకున్నాడట, పాపం. వేరుశనక్కాయలు గుచ్చుకున్నాయట.

ఇక నాకు మిగిలింది లిఫ్ట్.

అవును, లిఫ్టే! తలుపులు మూసుకోగానే లోకంలో మేమిద్దరమే. ఆయన నా చెవి పక్కన జుట్టు సర్దేవారు. నేను ఆయన చొక్కా గుండీ సర్దేదాన్ని, అది సరిగ్గానే ఉన్నా. ఏ పనీ లేకపోయినా ఎక్కేవాళ్ళం, దిగేవాళ్ళం. దాని తలుపు మధ్యలో ఎవరూ తట్టరు. అంత సంతోషం నాకు పెళ్లి మంటపంలో కూడా లేదు.

ఆ భవనం పై అంతస్తుల్లో కాపురాలున్నాయి. ఒకరోజు మధ్యలో లిఫ్ట్ ఆగి, క్యాబేజీ సంచులతో ఒక అవ్వ ఎక్కింది. మా ఆయనను ఏదో అడిగింది. ఆయన తల ఊపారు! సంచులు రెండూ ఆయన భుజాలకు తగిలించి, అవ్వ ఆయనను తీసుకుపోయింది. నేను లిఫ్ట్‌లో ఒంటరిగా కిందికొచ్చాను. చాలాసేపటికి ఆయన ఒక కమలాపండుతో తిరిగొచ్చారు. తొనలు వలిచి నా చేతిలో పెట్టారు. ఇంకేమంటాను!

మా ఆయనకు ఇది తేక్ హువాట్ నేర్పిన విద్య అనుకోకండి. కౌలాలంపూర్‌లో తెలుగు సంఘం విందుకు వెళ్ళినప్పుడు, విశాఖపట్నం నుంచి వచ్చిన ఒక పెద్దాయన ఈయనకు అందనంత గడగడా తెలుగులో ఏదో అడిగారు. ఈయన నవ్వుతూ తల ఊపారు. అంతే, ఆ రోజు కుర్చీలు వేయించే కమిటీకి అధ్యక్షుడు ఈయనే! ఆ పూట నేను భోంచేశాను, ఈయన కుర్చీలు మడతపెట్టారు.

అప్పుడు నేను నవ్వుకున్నాను. అర్థం కాకపోతే మనిషి ఏం చేస్తాడు పాపం అనుకున్నాను.

సుంగై పెటానికి తిరిగొచ్చాం. వచ్చిన మర్నాడు మా అత్తగారు వళ్ళియమ్మై మాకు రసం వడ్డిస్తూ శుభవార్త చెప్పారు. మరిది దేవరాజన్‌కు పెనాంగ్‌లో ఉద్యోగం దొరికిందట. జార్జ్ టౌన్‌లో మీ ఫ్లాట్ ఉండగా వాడు ఇంకెక్కడో ఉండటమెందుకు అన్నారు. కొత్త కాపురం కదా, తనూ వచ్చి నాలుగు నెలలుండి వంటా అదీ దారిలో పెడతానన్నారు. ఉన్నవి రెండే గదులని ఆమెకు తెలుసు. దానికీ ఆలోచించే ఉంచారు. అన్నదమ్ములిద్దరూ ఒక గదిలో, తనూ నేనూ ఇంకో గదిలో.

మా ఆయన తల ఊపారు.

పాఠకులారా, ఇక్కడే నా సిద్ధాంతానికి చిన్న చిక్కు వచ్చింది. అత్తగారు మాట్లాడింది మాండరిన్ కాదే! తమిళం. మా ఆయన కలలు కనే భాష. అందులో ఆయనకు తెలియని మాట లేదు, ట్రాన్స్‌లేటర్ అక్కర్లేదు, నామోషీ అక్కర్లేదు. మరి తల ఎందుకు ఊగింది?

ఆయన నోరు తెరుస్తారని చూశాను. తెరిచారు, అన్నం ముద్ద కోసం.

"వేండాం అత్తా," అన్నాను. వద్దని. మేమిద్దరమే ఉంటామని కూడా తమిళంలోనే చెప్పాను.

గరిటె గాలిలో ఆగింది. అత్తగారికి కోపం రాలేదు, అదే వచ్చి ఉంటే బాగుండేది. కొడుకు వైపు తిరిగి, "నీ సొల్లుప్పా," అన్నారు, నువ్వు చెప్పు నాయనా అని.

ఆయన నా వైపు చూసి తల ఊపారు. అత్తగారి వైపు చూసి తల ఊపారు. రెండూ ఒకే కొలత, ఒకే చిరునవ్వు. ఎవరిది వాళ్ళు ఇంటికి పట్టుకెళ్ళొచ్చు!

ఫ్లాట్ తాళం తీసుకోవడానికి జార్జ్ టౌన్ వెళ్తూ కారులో అడిగాను.

"అత్త సెప్పినాది మీకు అర్థమైనాదా?"

"అయినాది."

"నాను సెప్పినాది?"

"అదీ అయినాది."

"మరి ఏటో ఒకటి సెప్పడానికేటి?"

"అమ్మ గదా లా," అన్నారు. గేరు మార్చి, "నువ్వూ గదా," అన్నారు.

కోపగించుకోవాలా, బుగ్గ మీద ముద్దు పెట్టాలా? డ్రైవ్ చేస్తున్నారని రెండూ మానుకున్నాను.

తమిళం, తెలుగు, మలాయ్, ఇంగ్లీషు... ఇన్ని తెలిసిన మనిషి. అన్నింటిలోనూ 'వద్దు' అనడానికి ఒక మాట ఉంది. మాండరిన్‌లో కూడా ఉంది, ట్రాన్స్‌లేటర్‌లో వెతికి చూశాను. బు యావ్. రెండే అక్షరాలు! పసిపిల్లలు కూడా పలకగలరు. తేక్ హువాట్‌కు తెలియదు కనుక అనలేకపోయాడు. తెలిసినవాళ్ళ సంగతేమిటి?

ఫ్లాట్ ఓనర్ ఒకే ఒక్క తాళంచెవి ఇచ్చాడు. తిరిగొస్తూ తాళంచెవులు చేసే షాపు ముందు మా ఆయన కారు ఆపి, ఇంజిన్ ఆపకుండానే దాన్ని నా చేతికిచ్చారు.

"ఇంకో మూడు సేయించు లా. నీకొకటి, అమ్మకొకటి, తమ్ముడికొకటి. ఎప్పుడేటి అవసరమొస్తాదో."

ఆయన కళ్ళలోకి చూసి, ఆయన నేర్పినంత అందంగా తల ఊపాను.

దిగి వెళ్ళి ఒక్కటే చేయించాను.