చెప్పకూడని మందు

ఏడింటి బస్సుకు కొడుకు వెంకటిని జగిత్యాల తీసుకెళ్ళి, బీపీ చూపించి, డాక్టరమ్మ చేత ఫిట్‌నెస్ కాగితం మీద సంతకం పెట్టించుకుని, మధ్యాహ్నానికల్లా కోరుట్ల వచ్చేయాలన్నది శంకరవ్వ వేసుకున్న లెక్క. సాయంత్రంలోగా ఆ కాగితం ఏజెంటుకు అందకపోతే మస్కట్ వెళ్ళే జాబితాలోంచి వెంకటి పేరు తీసేస్తారు. పోయిన వారం చూసినప్పుడు బీపీ నూట అరవై ఉంది. డాక్టరమ్మ రోజుకో గోళీ రాసింది. ఒక్క గోళీ మీద భారమంతా వేయడానికి శంకరవ్వకు ధైర్యం చాలలేదు.

తెల్లవారకముందే నాలుగుసార్లు లేచి గడియారం చూసింది. ఐదోసారి ఇక పడుకోలేదు. వేములవాడలో కొనుక్కొచ్చిన తెల్లమద్ది చెక్క మరిగించి, గ్లాసెడు కషాయం కొడుకు చేతికిచ్చింది.

"తాగు కొడుకా, బీపీ దిగుతది. సంగీతకు చెప్పకు. చెట్టు మందు చెప్పుకుంటే పనిచెయ్యదు."

వెంకటి కళ్ళు మూసుకుని తాగేశాడు. వాకిట్లో చెప్పులు వేసుకుంటుంటే భార్య సంగీత వెనకాలే వచ్చి రెండు బిళ్ళలు చేతిలో పెట్టింది.

"ఆన్‌లైన్ల తెప్పిచ్చిన. మద్దిచెక్క సారమట, గుండెకు మంచిదట. అత్తమ్మకు చెప్పకు, గుణం పోతది."

"నేనిప్పుడే..." అనబోయి వెంకటి ఆగిపోయాడు. నోరు విప్పితే తల్లి మందుకు గుణం పోతుంది. బిళ్ళలు మింగాడు. ఉప్పుకు బీపీ పెరుగుతుందేమోనని భయపడి ఉప్మా మాత్రం ముట్టలేదు.

సంగీత కూడా వాళ్ళతో బస్సెక్కింది. దారిలో శంకరవ్వ ప్రతి స్టేజీ దగ్గరా కొడుకును అడిగింది. "గుండె దడ ఉన్నదారా?"

"నువ్వు అడిగినప్పుడల్లా అస్తున్నదే అవ్వా!"

జగిత్యాల బస్టాండులో వెంకటి చెల్లెలు రాజమణి ఎదురుచూస్తోంది. అన్న వెళ్ళేలోపు ఒకసారి చూసుకోవాలని సిరిసిల్ల నుంచి మొదటి బస్సుకే వచ్చింది. అత్తాకోడళ్ళు ఆటో బేరమాడుతుంటే అన్నను పక్కకు లాగి మజ్జిగ సీసా తీసింది.

"మద్దిచెక్క పొడి కలిపిన అన్నా. మీ బావ రోజు గిదే తాగుతడు. పొద్దంత మగ్గాల సాంచెల మోతల ఉన్నా బీపీ లేదు. అవ్వకు, వదినెకు..."

"చెప్పను తియ్యి," అన్నాడు వెంకటి నీరసంగా, సీసా ఖాళీ చేసి.

ఆస్పత్రిలో డాక్టరమ్మ చేతికి పట్టీ చుట్టి చూసింది. మళ్ళీ చూసింది. మిషన్ మార్చి చూసింది.

"ఎనభై ఐదు!"

"గంత దిగిందా!" శంకరవ్వ చేతులు జోడించింది. "ఇగ సంతకం వెట్టు డాక్టరమ్మా."

"అంత దిగొద్దవ్వా," అని ఆమె అంటుండగానే వెంకటి లేచి నిలబడ్డాడు, ఒకసారి తూలాడు, స్టూలుతో సహా కింద పడ్డాడు.

బల్ల మీద పడుకోబెట్టి కాళ్ళ కింద దిండ్లు పెట్టారు. కళ్ళు తెరిచాక డాక్టరమ్మ అడిగింది. "ఏమేం మందులేసుకున్నవ్?"

వెంకటి తల్లిని చూశాడు, భార్యను చూశాడు, చెల్లెలిని చూశాడు. ముగ్గురూ కళ్ళతోనే వద్దన్నారు.

"మీ గోళీ ఒక్కటే మేడం."

"దానికే ఇంత పడితే గుండెల ఏదో ఉన్నట్టే. కరీంనగర్ తీస్కపోవాలె."

గుండె అనేసరికి మూడు నోళ్ళూ ఒక్కసారే తెరుచుకున్నాయి.

"నేను కషాయం పోసిన!"

"నేను రెండు బిళ్ళలిచ్చిన!"

"మజ్జిగల నేను పొడి కలిపిన!"

తర్వాత ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

"నాకు చెప్పకుంట ఇచ్చినవా అత్తమ్మా?"

"నువ్వేమన్న డప్పు కొట్టి ఇచ్చినవా?"

డాక్టరమ్మ ఇద్దరినీ ఆపింది. "చెట్టుదైనా మందు మందే. బీపీ గోళీ మీద మూడు తీర్ల అదే చెక్క, ఆకలి కడుపుల! ఇగ చెక్క బంద్. సాయంత్రం దాక ఇక్కడనే పండాలె. వారం దినాలు నా గోళీ ఒక్కటే వాడి రావాలె. అప్పుడు చూసిందే అసలు బీపీ. ఇయ్యాల సంతకం వెట్ట."

సంగీత ఏజెంటుకు ఫోన్ చేసింది. ఈసారికి పేరు తీసేస్తున్నానని, నెల తర్వాత ఇంకో జట్టు వెళ్తుందని, అందులో కలుపుతానని అతను చెప్పాడు.

శంకరవ్వ బెంచీ మీద కూలబడింది. పదకొండేళ్ళలో ఐదుసార్లు కొడుకును బస్సెక్కించింది. ప్రతిసారీ బస్సు మలుపు తిరిగాక కూడా అక్కడే నిలబడింది. బస్సెక్కనివ్వని మందు కూడా ఒకటుంటుందని ఇన్నాళ్ళూ తెలియదు. చాలాసేపటికి లేచి, మెల్లగా డాక్టరమ్మ బల్ల దగ్గరికి వెళ్ళింది.

"డాక్టరమ్మా, అసలు బీపీ వారంల దొరుకుతదా? తొందరేం లేదు. రెండు నెలలు రాయరాదా?"

సంగీత, రాజమణి కూడా ఆశగా కలం వైపే చూశారు.

డాక్టరమ్మ వారమే రాసింది.