కారణం అందరికీ తెలిసినదే

రాళ్ళకుంట కమిటీ అధ్యక్షుడు గురవయ్య ఆ రోజు పొద్దున్నే సూర్యాపేట పోయి పన్ను పీకించుకోవాలని నిశ్చయించుకున్నాడు. మూడు రోజులుగా కుడి దవడ బూరెలా ఉబ్బి ఉంది. లవంగం నొక్కిపెట్టాడు, ఉప్పునీళ్ళు పుక్కిలించాడు, భార్య దుర్గమ్మ చెప్పిన ఆకులన్నీ నమిలాడు. ఇక దవాఖానే దిక్కని బండి కట్టుకున్నాడు. నోరు తెరిస్తే నరం లాగుతోంది గనుక మాటలు పొదుపు చేసుకున్నాడు. ఆ పొదుపే ఊరి కొంప ముంచింది.

అది 1949 మాఘమాసం. పోలీసు యాక్షన్ జరిగి ఐదు నెలలైంది. అంతకు ముందు ఏడాది రజాకార్ల భయంతో రాళ్ళకుంట జనం పిల్లాజెల్లాను వెంటేసుకుని రెండుసార్లు కోదాడ దాటి, ఇండియన్ యూనియన్ సరిహద్దులోకి పారిపోయి వచ్చారు. ఇప్పుడు రజాకార్లూ లేరు, హుకుంలు జారీ చేసే పాత పటేలూ లేడు. "ఇకమీద మీరే కూర్చుని, మీరే చేతులెత్తి, మీరే తీర్మానం చేసుకోవాలి," అని ఒక అధికారి వచ్చి చెప్పి, నలుగురితో కమిటీ వేయించి, ఒక నోటుబుక్కు చేతిలో పెట్టి పోయాడు. ఇన్నాళ్ళైనా ఆ బుక్కులో ఒక్క అక్షరం పడలేదు.

గురవయ్య బండి ఎక్కబోతుండగా వడ్రంగి జానయ్య ఎదురొచ్చాడు. అతనూ కమిటీ సభ్యుడే. వీధి ఎందుకో బోసిగా ఉందని అప్పటికే గురవయ్యకు అనిపిస్తోంది. ఎందుకో అప్పుడు తట్టింది.

"కుక్కల్లేవ్," అన్నాడు దవడ పట్టుకుని.

"ఏందన్నా?"

"ఊళ్ళ... కుక్కల్లేవ్. నేన్ పోతున్న. ఎండెక్కక ముందే పోవాలె."

జానయ్య చుట్టూ చూశాడు. నిజమే. వీధి ఈ చివర నుంచి ఆ చివర వరకు ఒక్క కుక్క లేదు. పొయ్యి బూడిదలో ముడుచుకుని పడుకునే ముసలి కుక్కలు కూడా లేవు. రజాకార్ల లారీ వచ్చినప్పుడల్లా ముందుగా కుక్కలే మొరిగేవి. మొరగడమంటే ఏమిటో ఊరికి బాగా తెలుసు. అసలు కుక్కలే లేకపోవడమంటే ఏమిటో ఎవరికీ తెలియదు.

"ఏడికి పోతున్నవన్నా?" అని అడిగాడు గొంతు తగ్గించి.

సూర్యాపేట అనేంత పొడుగు మాటకు దవడ ఇంకా ఆడించాలి. ఆ బాధెందుకని గురవయ్య చేత్తో పడమర దిక్కు చూపించాడు. అంతలో దుర్గమ్మ అతని దుప్పటీ, సద్దిమూటా తెచ్చి బండిలో పెట్టింది. జానయ్యకు అర్థమైపోయింది. అధ్యక్షుడు మూటాముల్లె సర్దుకుని ఊరు విడుస్తున్నాడు.

అతను అట్నుంచి అటే లక్ష్మయ్య దుకాణానికి పోయాడు. లక్ష్మయ్య కమిటీలో మూడోవాడు.

"అన్న పోతున్నడు. కుక్కల్లేవన్నడు. ఇగ నోరిప్పలే," అన్నాడు జానయ్య.

"ఎందుకట?"

"చెప్తలేడు. చెప్పరానిదేదో ఉన్నట్టున్నది."

లక్ష్మయ్య వెంటనే దుకాణం పలకలు వేసేశాడు. రజాకార్ల కాలంలో కూడా అతను ఒక పలక తీసి ఉంచి ఆ సందులోంచి ఉప్పు అమ్మేవాడు. అట్లాంటిది ఇవాళ పొద్దున్నే మొత్తం మూసేయడం చూసి నీళ్ళ బిందెలతో పోతున్న ఆడవాళ్ళు అక్కడే ఆగిపోయారు. కాసేపటికి చావిడి ముందు వందమంది గుమిగూడారు. ఎవరూ గట్టిగా మాట్లాడటం లేదు. పాలకేడ్చిన పిల్ల నోటికి తల్లి కొంగు అడ్డం పెట్టింది.

గురవయ్య బండి అక్కడికి వచ్చింది. జనాన్ని చూశాడు. మూసిన దుకాణాన్ని చూశాడు. లక్ష్మయ్య అత్తగారిది మిర్యాలగూడ. అక్కడి కబుర్లన్నీ ముందు అతనికే చేరతాయి. 'వీడికేదో తెలిసింది' అనుకుని గురవయ్య బండి దిగాడు. అతను దిగడం చూసి, 'అన్నకు తెలిసింది చెప్పటానికే దిగాడు' అనుకున్నాడు లక్ష్మయ్య.

నాలుగో సభ్యుడు పర్వతాలు. నలుగురిలో రాయడం వచ్చినవాడు అతనొక్కడే. నోటుబుక్కు తెరిచి, ముక్కు మీద కళ్ళజోడు సర్దుకున్నాడు.

"ఇగ చెప్పున్రి. ఏం జేద్దాం?"

"ముందుగాల అన్న చెప్పాలె," అన్నాడు జానయ్య.

గురవయ్య తల అడ్డంగా ఊపి లక్ష్మయ్య వైపు చూశాడు. లక్ష్మయ్య జానయ్య వైపు చూశాడు. "నాదేమున్నది? ఊరి మాటే నా మాట," అన్నాడు.

"నాది గూడ గంతే," అన్నాడు జానయ్య.

ఊరి మాట ఏమిటో వినాలని నలుగురూ జనం వైపు తిరిగారు. పెద్దవాళ్ళ మాట ఏమిటో వినాలని జనం నలుగురి వైపు చూస్తున్నారు. ఎంతసేపు అట్లా చూసుకున్నారో తెలియదు. వెనక నుంచి ఎవరిదో ముసలి గొంతు వినిపించింది.

"రెండుసార్లు పోయినం, బతికినం. పోవుడే మంచిదేమో."

ఆ మాట ఎవరన్నారో తరువాత ఎంత విచారించినా తేలలేదు. కానీ అన్నవెంటనే అందరి ముఖాల్లో ఒక రకమైన నెమ్మది కనిపించింది. తన మనసులో లేని మాటే అయినా, మిగతా అందరి మనసులో ఉన్నది బయటపడిందని ఒక్కొక్కరూ అనుకున్నారు.

"పోవాలనేటోళ్ళు చేతులెత్తున్రి," అన్నాడు పర్వతాలు.

సరిగ్గా అప్పుడే గురవయ్య పంటిలో సూది దిగినట్టైంది. చెయ్యి దవడకు పోయింది. అధ్యక్షుడి చెయ్యి లేచిందని జానయ్య ఎత్తాడు, జానయ్యను చూసి లక్ష్మయ్య ఎత్తాడు, ముగ్గురెత్తాక తానొక్కడూ ఎత్తకపోవడం దేనికని పర్వతాలు కలం చెవి మీద పెట్టుకుని తానూ ఎత్తాడు. ఊళ్ళో మగవాళ్ళంతా ఎత్తారు.

పర్వతాలు రాయడం మొదలుపెట్టి ఆగాడు. "ఎందుకు పోతున్నమని రాయాలె?"

నలుగురూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. నాకు తెలియదని చెప్పుకోవడం సభ్యులకు నామోషీ.

"అందరికి తెలిసిందే గద," అన్నాడు లక్ష్మయ్య.

పర్వతాలు అదే రాశాడు. 'కారణం: అందరికీ తెలిసినదే. కమిటీ మళ్ళీ తీర్మానించే దాకా ఊళ్ళో ఎవరూ అడుగు పెట్టరాదు.' రాళ్ళకుంట మొదటి తీర్మానం ఏకగ్రీవంగా నెగ్గింది.

మధ్యాహ్నానికి ఊరంతా మైలు దూరంలో ఉన్న ఎర్రదిబ్బ మీదికి చేరింది. మంచాలు, కోళ్ళ గంపలు, పిండి కుండలు ఎండలో కుప్పలు పడ్డాయి. దిబ్బ మీద నుంచి చూస్తే కింద ఊరు తలుపులు తెరుచుకుని పడి ఉంది. ఏ కప్పు మీదా పొగ లేదు. ఎవరి వాకిట్లోనో ఆరేసిన చీర ఒకటి గాలికి లేచి, పడి, మళ్ళీ లేస్తోంది. తమ ఇళ్ళే అయినా వాటి వైపు చాలాసేపు చూడలేక జనం చూపు తిప్పుకున్నారు.

దిబ్బ పక్కనే రోడ్డు. కోదాడ నుంచి సూర్యాపేటకు ఉప్పు బస్తాలు తోలుకుపోతున్న జైరాం బండి ఆపి, తల ఎత్తి చూశాడు. అతని మాటలో కోదాడ యాస కొంచెం కలిసి ఉంటుంది.

"ఏంటన్నా, ఊరంతా ఇక్కడ కూసున్నారు? జాతరా?"

"మా ఊళ్ళ కుక్కల్లేవ్," అన్నాడు జానయ్య గంభీరంగా.

జైరాం పకపకా నవ్వాడు. "కుక్కలా? పక్కూళ్ళో పెళ్ళవుతుంది, పన్నెండు యాటల్ని కోశారు. నాలుగూళ్ళ కుక్కలూ అక్కడే ఉన్నాయి. నా ఎద్దుల్ని రోడ్డు దాటనియ్యలేదు!"

బండి కిర్రుకిర్రుమంటూ పోయింది. దిబ్బ మీద నవ్వాలని అందరికీ ఉంది. ముందుగా ఎవరు నవ్వితే వాళ్ళే ఊరిని ఎండలోకి ఈడ్చిన మూర్ఖులవుతారని అందరికీ భయం. గురవయ్య నొప్పిని ఓర్చుకుని నోరు తెరిచాడు.

"నేను పన్ను పీకిచ్చుకోనికి పోతున్ననయ్యా. గంతే."

జానయ్య నేల చూపులు చూశాడు. లక్ష్మయ్య బుక్కు వైపు వేలు చూపి, "కుక్కల సంగతి వేరే, తీర్మానం సంగతి వేరే. బుక్కుల కుక్కల ముచ్చట రాసినమా?" అన్నాడు.

పర్వతాలు బుక్కు తెరిచి చూశాడు. "లేదు. అందరికీ తెలిసినదే అనున్నది."

"మరి? గది గిప్పుడు లేదని ఎట్లంటం?"

అప్పుడే కింద ఊళ్ళోంచి చప్పుడు మొదలైంది.

దబ్. దబ్. దబ్.

చప్పుడు తెంపు లేకుండా, తొందర లేకుండా వస్తోంది. కాసేపు ఆగింది. ఎవరో ఆడమనిషి నవ్విన గొంతు గాలిలో తేలి వచ్చింది. మళ్ళీ దబ్, దబ్, దబ్.

"ఆముదాలు కొట్టే సప్పుడు లెక్కున్నది," అన్నాడు ఒక రైతు. ఆ మాటతో భయం రెట్టింపైంది. తెలియని చప్పుడైతే ఏ గాలో అనుకోవచ్చు. ఖాళీ ఊళ్ళో ఆముదం కాయలు కొడుతున్నదెవరు?

పర్వతాలు లేచి ఇంటింటి పేరూ పిలిచాడు. నలభై రెండు ఇళ్ళు. ఇంటి యజమాని లేచి తనవాళ్ళను చూసుకుని, "అందరున్నం," అని కూర్చున్నాడు. నలభై రెండుసార్లు అదే మాట. చివరి ఇల్లు పలికాక పర్వతాలు బుక్కు మూశాడు. "ఊరంత ఈడనే ఉన్నది," అన్నాడు. "ఒక్క మనిషి తక్కువ లేడు."

దబ్. దబ్. దబ్.

"సూసిన్రా? పోదామన్నది మంచిదే అయింది," అన్నాడు లక్ష్మయ్య గొణుగుతున్నట్టుగా. పొద్దుటి తీర్మానం సరైనదే అని రుజువైనందుకు అతని ముఖంలో భయంతో పాటు కాస్త తృప్తి కూడా కనిపించింది. కమిటీ అక్కడికక్కడే రెండో తీర్మానం చేసింది. ఊరు ఇక తమది కాదు, దిబ్బ మీదే గుడిసెలు వేసుకోవాలి. చేతులు లేచాయి. గురవయ్య ఈసారి దవడ మీద చెయ్యి వేయకుండా రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకున్నాడు. అధ్యక్షుడు వ్యతిరేకం కాడు, మౌనంగా ఉన్నాడు అని రాసుకున్నాడు పర్వతాలు.

దుర్గమ్మ లేచి కొంగు నడుముకు దోపింది.

"ఏడికే?" అన్నాడు గురవయ్య.

"ఇంటికి. బర్రె పాలు పిండే యాళ్ళైంది."

"తీర్మానమైంది గదనే!"

"నన్నెవలు చెయ్యెత్తుమన్నరు? ఎత్తినోళ్ళు గీడ కూసోన్రి." ఆమె దిబ్బ దిగింది.

పెళ్ళాం ఒక్కతే పోతుంటే అధ్యక్షుడు కూర్చోలేడు. అధ్యక్షుడు పోతుంటే సభ్యులు కూర్చోలేరు. పది బారల దూరం విడిచి ముగ్గురూ నడిచారు. వాళ్ళ వెనక ఇంకొంత దూరంలో ఊరు.

తమ వీధిలోనే వాళ్ళు దొంగల్లా నడిచారు. తలుపులు వాటంతటవే కదులుతున్నాయి. ఒక ఇంట్లో పొయ్యి మీద వదిలేసిన అన్నం మాడిన వాసన ఇంకా వస్తోంది. చప్పుడు ఒక్కో అడుగుకూ దగ్గరవుతోంది. దారిలోనే ఉన్న లక్ష్మయ్య దొడ్డి గోడ దగ్గరికి వచ్చాక అది వాళ్ళ కాళ్ళ కిందే ఉన్నట్టనిపించింది. జానయ్య కళ్ళు మూసుకున్నాడు. దుర్గమ్మ తడిక తోసింది.

లోపల శాంతమ్మ, ఆమె మొగుడు కాటయ్య, మరో ఇద్దరు కూలీలు కట్టెలతో ఆముదం కాయలు కొడుతున్నారు. తల ఎత్తి చూసి కట్టెలు దించారు.

రాళ్ళకుంటకు తూర్పున, వాగు అవతల ముప్పై గుడిసెల వాడ ఒకటి ఉంది. ఊళ్ళో పొలాలు దున్నేదీ, పంట కోసేదీ, కొట్టేదీ వాళ్ళే. పొద్దున చావిడి దగ్గరికి వాళ్ళను ఎవరూ పిలవలేదు. దిబ్బ మీద వాళ్ళ పేర్లు ఎవరూ చదవలేదు. ఈ కథ చెబుతున్నవాడికి కూడా ఇంతవరకు వాళ్ళు గుర్తు రాలేదు.

"రేపు రమ్మంటివి సావుకారీ. ఇయ్యాలనే తీరిక దొరికిందని వచ్చినం," అంది శాంతమ్మ లక్ష్మయ్యతో. "అందరు ఏడికి పోయిన్రమ్మా?"

"లేదే," అంది దుర్గమ్మ. "ఊరు విడిసినం."

"ఎందుకు?"

ఆ ఒక్క మాటను పొద్దుటి నుంచి ఊళ్ళో ఎవరూ జవాబు వచ్చేదాకా అడగలేదు. కమిటీ నలుగురూ గోడ వైపు చూశారు.

"మేం గూడ బండ్లు పోతుంటె జూసి వాడల కూసున్నం అయ్యా," అన్నాడు కాటయ్య గురవయ్యతో. "ఎందుకు పోతున్నరో మీలో ఎవరికన్న తెలుసేమోనని, పోయెటోళ్ళను ముగ్గురిని అడిగితిమి. ముగ్గురు గూడ తెల్వదనే చెప్పిరి. తెల్వనిదానికి మనం పోవుడెందుకని పనికొచ్చినం."

"మరి ఊరు విడిసినప్పుడు అందరున్నరా లేదా అని సూసుకోలేదా?" అంది శాంతమ్మ.

"సూసుకున్నం," అన్నాడు పర్వతాలు.

"ఏం తేలింది?"

పర్వతాలు నోటుబుక్కు చంకలోకి ఇంకా లోపలికి నొక్కుకున్నాడు. "ఒక్క మనిషి తక్కువ లేడని," అన్నాడు. శాంతమ్మ కట్టె తీసుకుని మళ్ళీ కొట్టడం మొదలుపెట్టింది. దబ్. దబ్. దబ్. దిబ్బ మీద కంటే ఇక్కడ ఆ చప్పుడు వినడం ఎక్కువ కష్టంగా ఉంది గురవయ్యకు.

వారం తిరక్కముందే, పన్ను పోయిన నోటితో గురవయ్య కమిటీని కూర్చోబెట్టి కాటయ్యను ఐదో సభ్యుడిగా చేర్చాడు. లక్ష్మయ్య రెండు పూటలు అలిగాడు. మొదటి సమావేశానికి కాటయ్య వెంట శాంతమ్మ కూడా వచ్చి చావిడి బయట కూర్చుంది. లోపల ఎవరైనా "అందరికి తెలిసిందే గద," అనగానే బయట నుంచి, "ఎందుకో అడుగు," అనేది.

ఆ తర్వాత మూడేళ్ళలో రాళ్ళకుంట కమిటీ ఒక్క తీర్మానమూ ఏకగ్రీవంగా చేయలేకపోయింది. ఊరు మాత్రం ఎక్కడికీ పోలేదు.