హంగేరి పార్టీ

అయినా, నది పేరు పెట్టుకున్న పార్టీని ఆపడం ఎవరి తరం, అనుకున్నాడు నాగేశ్వర్, తుకుం బస్తీలోని తన వంటింటి గడప మీద కూర్చుని చాయ్ చల్లార్చుకుంటూ. టిసా అంటే హంగేరిలో నది, మనకు వర్ధా ఉన్నట్టు. నిన్నమొన్నటిదాకా ఊసే లేని ఆ పార్టీ యూరప్ పార్లమెంటు ఎన్నికల్లో హంగేరికున్న ఇరవై ఒక్క సీట్లలో ఏడు గెలిచింది. ఏళ్ల తరబడి ఏలుతున్నవాళ్లకే ఎక్కువ సీట్లు వచ్చినా, ఫోన్‌లో చూసిన వార్తల్లో వాళ్ల నవ్వు కాస్త బిగుసుకున్నట్టే కనిపించింది. నాగేశ్వర్‌కు ఏ హంగేరీవాడితోనూ పరిచయం లేదు. కానీ కోపం తెచ్చుకోవాలంటే మధ్యలో కొన్ని సముద్రాలు ఉండటం అతనికి సౌకర్యం. దగ్గరివాళ్ల మీద కోపం వస్తే ఉద్యోగానికే ఎసరు.

ఇవాళ అసలు నోరు విప్పకూడదని అతని పథకం. హరికృష్ణ సేటు తనకు పర్మనెంటు ఆర్డరు ఇస్తానన్న రోజు. బల్లార్‌పూర్ రోడ్డులో సేటు గోదాములో అతను హాజరు గుమస్తా. ఎవరూ పర్మనెంటు కాకుండా పదకొండు నెలలకోసారి హమాలీలకు బ్రేక్ ఇచ్చి, మళ్లీ కొత్తవాళ్లలా తీసుకోవడం అక్కడి పద్ధతి. ఆ బ్రేకులు రాసేది నాగేశ్వరే. తన బ్రేకు కూడా తనే రాసుకుంటాడు.

“హంగేరిల కొత్త పార్టీ పుట్టిందే గిరిజా. ఇగ పెద్దోళ్ల కుర్చీలు కదులుతయి,” అన్నాడు భార్యతో, ఆపుకోలేక.

మిక్సీ తిప్పుతున్న గిరిజకు అది ‘హంగామీ’ అని వినిపించింది. ఆ ఊరి మరాఠీలో తాత్కాలికమని అర్థం. గోదాములో అందరి ఉద్యోగం పేరూ అదే.

“ఎవరు పెట్టిండ్రు?”

“ఎవరైతేంది? భయపడకుండ ఒక్కడు లేస్తే చాలు. పార్లమెంటు దాక పోవచ్చు.”

ఆ ఒక్కడు ఎవరో గిరిజకు అర్థమైపోయింది. భర్తను కొత్తగా చూసింది. అతను స్నానానికి పోగానే గోడ మీది నుంచి పక్కింటి వనితను పిలిచింది.

“వనితా, మా ఆయన హంగామీలకు పార్టీ పెడుతున్నడే! పార్లమెంటు దాక పోతడట!”

వనిత భర్త విఠల్ అదే గోదాములో హమాలీ. పొద్దుటి డ్యూటీలో ఉన్నాడు. వనిత వెంటనే ఫోన్ చేసింది.

నాగేశ్వర్ చేరేసరికి హమాలీలు పని ఆపి గేటు ముందు నిలబడ్డారు. మధ్యలో ఒక ప్లాస్టిక్ కుర్చీ, దాని మీద బంతిపూల దండ.

“రా అన్నా, మన హంగామీ పార్టీకి నువ్వే పెద్ద, కూసో,” అన్నాడు విఠల్. “ఇన్నేండ్లు నీ నోట్ల నాలికే లేదనుకున్నం.”

“తమ్మీ, హంగామీ గాదురా, హంగేరి!”

“పేరేదైతేంది, పెట్టినవు గద!”

“అది యూరప్‌ల ఉంటది!”

“యూరప్ సపోర్టు గుడ ఉన్నదట!” వెనక నుంచి ఎవరో అరిచారు. చప్పట్లు మోగాయి.

“మన గుర్తేందన్నా?” అడిగాడు రాజన్న అనే ముసలి హమాలీ.

“గుర్తు కాదు, నది పేరు...” నోరు జారాడు నాగేశ్వర్.

“వర్ధా మాతా కీ!”

“జై!”

ఆ జైకి లోపలి గదిలో సేటు లేచాడు. నాగేశ్వర్‌ను లోపలికి పిలిపించాడు. బల్ల మీద ఆర్డరు ఉంది, సంతకం ఒక్కటే తక్కువ.

“ఏంది నాగేశ్వర్, పొద్దుగాల్నే పార్టీ పెట్టినవట?”

“హంగేరి, సేట్. గదొక దేశం. అక్కడి ఎలక్షన్ల ముచ్చట మా ఇంటామెకు చెప్పిన. గామె ఇంకోటి విన్నది.”

సేటు పొట్ట పట్టుకుని నవ్వాడు. “హంగేరా! గక్కడైతే నాలుగు పార్టీలు పెట్టుకో, నాకేం ఫికర్? చందా గుడ ఇస్త. పో, నీకు వీళ్లతోని సంబంధం లేదని గట్టిగ చెప్పి రా. సంతకం పెడత.” పెన్ను మూత తీసి పట్టుకున్నాడు.

చెప్పమంటున్నది నిజమే. అయినా అది నాగేశ్వర్ నోట్లో అబద్ధంలా చేదెక్కింది. హంగేరి అయితే ఫికర్ లేదట. ఇన్నాళ్లూ తనకూ అంతే కదా. తన కోపానికి చందా ఇస్తాననేవాడు ఇన్నేళ్లకు దొరికాడు, అదీ సేటే.

అతను బయటికి రాగానే హమాలీలు కుర్చీ దాకా దారి వదిలారు. సేటు కిటికీ తెరిచాడు.

“చెప్పినవా?”

“చెప్తున్న, సేట్.”

నాగేశ్వర్ కుర్చీ మీది దండ తీసి విఠల్ చేతికిచ్చాడు. విఠల్ ముఖం వాడిపోయింది. “అయితే నిజంగనే హంగేరేనా అన్నా?”

నాగేశ్వర్ కుర్చీని కిటికీకి ఎదురుగా తిప్పి, కూర్చున్నాడు.

అక్కడ ఏడు సీట్లు. ఇక్కడ, ప్రస్తుతానికి, ఒకటి.