రేపు రండి యంత్రం

ఆ రోజు గుమస్తాగారి కార్యక్రమం చాలా చిన్నది. పదింటికి కొత్త యంత్రానికి పని అప్పగించడం, ఐదింటికి తనను ఉద్యోగం నుంచి సాగనంపే ఆర్డరు పుచ్చుకోవడం, ఇంటికి రావడం. ఇంకా రెండేళ్ల సర్వీసుండగానే పంపేస్తున్నారని ఆయనకు కడుపుమంటగా ఉంది.

"వెళ్లే రోజైనా ఎవర్నీ మీ చుట్టూ తిప్పుకోకండి," అంది భార్య, డబ్బా చేతికిస్తూ. జనం తన మొగుణ్ణి రేపురండి గారంటారని ఆవిడకి తెలుసు.

నీళ్ల కుళాయిలు మంజూరు చేసే ఆ ఆఫీసు తన కంప్యూటర్ల పనంతా బయటి కంపెనీకి అప్పగించింది. ఆ కంపెనీ ఇంజనీరమ్మాయి కృత్రిమ మేధ యంత్రాన్ని తెచ్చి, గుమస్తాగారు ఇరవై ఆరేళ్లుగా నడిపిన ఉత్తర ప్రత్యుత్తరాలన్నీ దానిచేత చదివించింది. ఇకపై ప్రతి అర్జీ, ప్రతి ఆర్డరూ దాని చేతిమీదుగానే కదలాలి.

మొదటి అర్జీ, ఆరు నెలలుగా కుళాయి కోసం తిరుగుతున్న మామ్మగారిది. రెప్పపాటులో జవాబొచ్చింది: "ఒక సంతకము తక్కువైనది. రేపు రండి."

"చూశారా, ఎంత స్పీడో!" అని ఆఫీసరు పొంగిపోయాడు.

రెండో అర్జీకి, "తమ ఫైలు పై సెక్షనులో ఉన్నది," అంది.

"పై సెక్షనేంటి? పైన నీళ్ల ట్యాంకేగా!" అన్నాడు ఆఫీసరు.

గుమస్తాగారు నేలచూపులు చూశారు. ఆ సెక్షను ఆయన స్వహస్తాలతో సృష్టించినదే.

ఒంటిగంటకు తెర మీద "భోజన విరామము" అని పడింది. మళ్లీ మూడున్నరకు గానీ తెరుచుకోలేదు.

"దీనికి నేను భోజనం నేర్పలేదండీ!" అని ఇంజనీరమ్మాయి లబోదిబోమంటూ కంపెనీకి ఫిర్యాదు పెట్టింది. అక్కడ ఫిర్యాదులు చూసేదీ యంత్రమే. అది దీన్ని సంజాయిషీ అడిగింది. "తమ లేఖ అందినది" అని ఇది, "అందినట్టు తెలిపిన లేఖ అందినది" అని అది, అరగంటలో నాలుగు వందల ఉత్తరాలు రాసుకున్నాయి. ఈలోగా అర్జీదారుల వరుస వీధిలోకి పాకింది.

ఆఫీసరు "ఆగు" అని కొట్టాడు.

"తమ ఆదేశము మూడు ప్రతులలో పంపగలరు," అంది యంత్రం.

పోనీ గుమస్తాగారిని సాగనంపే ఆర్డరైనా పూర్తి చేద్దామని పెట్టాడు. "అభ్యంతరము లేదని సదరు గుమస్తా సంతకము కావలెను. రేపు రండి."

గుమస్తాగారికి కడుపులో పాలు పోసినట్టయింది. రేపంటే ఎల్లుండి, ఎల్లుండంటే వచ్చే వారం. ఈ లెక్కన రెండేళ్లు ఇట్టే గడిచిపోతాయి. ఆయన అక్కడితో నోరు మూసుకుని ఉంటే బాగుండేది.

"గురువుగారూ, ఇది మీ శిష్యురాలే కదా. దీన్ని కదిలించే దారేదో మీరే చెప్పాలి," అని ఆఫీసరు దండం పెట్టేసరికి ఆయన ఉబ్బితబ్బిబ్బయ్యారు.

"అది చదివినవి నా కాగితాలేగా! నేను దేనికి కదులుతానో అదీ దానికే కదులుతుంది," అంటూ కుర్చీ లాక్కుని, మామ్మగారి అర్జీ మొదట్లో ఒక్క వాక్యం చేర్చారు: "అయ్యా, మీ మోకాలి నొప్పి ఎలా ఉంది?"

"తమ అభిమానమునకు కృతజ్ఞతలు. మంజూరైనది."

హాలంతా చప్పట్లు. మామ్మగారు ఆయన్ని నిండు నూరేళ్లూ బతకమని దీవించారు.

"నా మోకాలి సంగతి అడుగుతూ ఉత్తరం రాసినవాళ్లు ఇన్నేళ్లలో నలుగురే," అన్నారాయన, కళ్లొత్తుకుంటూ. "వాళ్ల పని మాత్రం వారంలో చేసిపెట్టాను."

ఆఫీసరు ఆయన్ని మెల్లగా కుర్చీలోంచి లేపి, తాను కూర్చుని, సాగనంపే ఆర్డరు తెరిచి, మొదట్లో అదే వాక్యం రాశాడు.

ఇరవై ఆరేళ్లలో ఆ ఆఫీసులో పెట్టిన రోజే కదిలిన కాగితం అదొక్కటే.