తాబేళ్ళ నవ్వు స్వాధీనం

ఒక పెద్ద అడవిలో, చెట్లకంటే ఫైళ్ళు ఏపుగా పెరిగే అడవిలో, ఒక చెరువు తాబేళ్ళది. అంటే, తాబేళ్ళు అలా అనుకునేవి. ఆ ఒడ్డున విడిది బంగళా కట్టాలని సింహరాజుకు ముచ్చట పుట్టింది. మూడు రోజుల్లో ఖాళీ చెయ్యాలని సెక్రటరీ నక్క నోటీసు తెచ్చింది.

తాబేళ్ళకది పన్నెండో చెరువు. ఊరూరా తరిమినా నవ్వుకుంటూ నడిచిన యూదుల సంగతి తెలిసినవారికి వీటిని ఎక్కడో చూసినట్టే ఉంటుంది.

ముసలి తాబేలు డిప్పమ్మ ఆకాశంకేసి చూసింది. "దేవుడా! పుట్టగానే ఇల్లిచ్చావు, బాగుంది. అది పెట్టుకునే చోటివ్వడం మరిచావు. పోనీలే, నీకూ వయసు మీదపడింది."

తాబేళ్ళు పగలబడి నవ్వాయి. దారిన పోతున్న ఎలుగుబంటి కూడా కడుపు పట్టుకుంది.

నక్కకు ఒళ్ళు మండింది. "గెంటేస్తుంటే నవ్వేమిటి?"

"ఏడిస్తే ఉండనిస్తారా, బాబూ?" అంది డిప్పమ్మ.

నక్క పరుగున వెళ్ళి రాజు చెవిలో ఊదింది. "ప్రభూ, తమరు నవ్వి ఆరేళ్ళయింది. వాళ్ళేమో రోజూ నవ్వుతున్నారు. ఆ నవ్వు లాగేసుకుందాం."

మర్నాడే రెండో నోటీసు వచ్చింది. తాబేళ్ళు తమ జోకులన్నీ ప్రభుత్వానికి అప్పగించి వెళ్ళాలట. డిప్పమ్మ నూట పదహారు చెప్పింది, గుమాస్తా కోతి రాసుకుంది. తాబేళ్ళు బయలుదేరాయి. వాటిలో సరిగ్గా నడక రాని పిల్లలూ ఉన్నాయి. చెప్పడానికే నాకు బాధగా ఉంది.

తర్వాతి రోజు నిండు కొలువులో నక్క మొదటి జోకు చదివింది. "దేవుడా! పుట్టగానే ఇల్లిచ్చావు..."

ఒక్కరూ నవ్వలేదు.

"నవ్వండి!" అని సింహం గర్జించింది. అందరూ నవ్వారు. ఆ నవ్వు విని సింహానికి ఏడుపొచ్చింది.

"జోకు అదే కదా, లోపం ఎక్కడ?" అని అడిగింది.

ఎలుగుబంటి నసిగింది. "సెక్రటరీగారికి మూడు గుహలున్నాయి కదండీ. చోటు లేదన్న మాట ఆయన నోట నప్పడం లేదు."

సింహం అప్పటికప్పుడు ఇంకో కాగితం రాయించి, తాబేళ్ళను వెనక్కి తెమ్మని నక్కను పరుగెత్తించింది. రోజంతా నడిచినా తాబేళ్ళు పొలిమేర దాటలేదు కనుక దొరికాయి.

"అమ్మా, వెనక్కి రండి!" అంది నక్క రొప్పుతూ. "బంగళా రద్దు. చెరువు మీకే రాసిచ్చారు, శాశ్వతంగా!"

"ఏమన్నావూ?" అంది డిప్పమ్మ.

"శాశ్వతంగా."

తాబేళ్ళు ఒకదాని మొహం ఒకటి చూసుకున్నాయి. తర్వాత వెల్లకిలా పడి మరీ నవ్వాయి.

పిల్లలకు దాహంగా ఉంది కాబట్టి డిప్పమ్మ వెనక్కే తిరిగింది. కళ్ళు తుడుచుకుంటూ అంది, "మీ రాజుగారికి జోకులు రావని ఎవరన్నారు, బాబూ?"

నీతి: రాజు శాశ్వతమని రాసిస్తే కడుపారా నవ్వండి, వీపు మీది ఇల్లు మాత్రం దించకండి.