వ్యాయామం చేయని ఆయమ్మ

వ్యాయామం మీద పరిశోధనలు చేసే ఆ ఆరంతస్తుల సంస్థ కిందటి వారం ఒక మహత్తర సత్యం కనిపెట్టింది. ఆరోగ్యంగా ఉండాలంటే వ్యాయామం చేయకపోవడమే ఉత్తమమట. అంతా నిబంధనల ప్రకారమే జరిగిందని ముందే మనవి.

దీనికంతటికీ మూలం ఆ భవనం ఊడ్చి తుడిచే ఆయమ్మ మోకాలు. నీళ్ల బకెట్టు మోస్తూ రోజుకు ఎనిమిదిసార్లు మెట్లెక్కి దిగేసరికి అది ప్రాణం తోడేస్తోంది. లిఫ్టు పరిశోధకులకు మాత్రమే. తననూ ఎక్కనివ్వమని ఆమె అర్జీ పెట్టుకుంది. అర్జీతోపాటు ఆరోగ్య వివరాల ఫారం కూడా నింపాలన్నారు.

"వారానికి ఎంతసేపు వ్యాయామం చేస్తావమ్మా?" అని అడిగాడు గుమాస్తా.

"పొద్దుటి నుంచి సాయంత్రం దాకా మెట్ల మీదే కదా బాబూ."

"అది పని. ఖాళీ టైంలో చేసేదే వ్యాయామం."

ఆమెకు ఖాళీ టైం లేదు కనుక 'వ్యాయామం: సున్నా' అని రాసుకున్నాడు. అది చూసిన పరిశోధకులకు వెతకబోయిన తీగ కాలికి తగిలినట్టయింది. పోల్చి చూడడానికి అసలు ఒళ్లు వంచని మనిషి కోసం వాళ్లు ఏడాదిగా గాలిస్తున్నారు. ఆర్నెల్లపాటు వ్యాయామం జోలికి పోనని ఆయమ్మ చేత సంతకం పెట్టించుకున్నారు. ఆవిడా మాట తప్పలేదు, రోజూ ఎనిమిదిసార్లు మెట్లెక్కుతూనే.

వ్యాయామం చేసే జట్టులో పరిశోధకులే చేరారు. లిఫ్టులో ఆరో అంతస్తుకు పోయి, ట్రెడ్‌మిల్ మీద పది నిమిషాలు నడిచి, ఆ అలసట తీరడానికి కేకులు తిని, లిఫ్టులోనే దిగేవారు. రాలిన కేకు పొడి ఊడ్చడానికి ఆయమ్మ మెట్ల మీదుగా వచ్చేది.

ఆర్నెల్లకు లెక్క తేలింది. ఆయమ్మ గుండె, ఊపిరి, రక్తపోటు నవయవ్వనంలో ఉన్నాయి. పరిశోధకుల ఫలితాలు మర్యాద కోసం చెప్పడం లేదు. మోకాలికి ఫారంలో గడే లేదు.

సభ పెట్టి డైరెక్టరు గారు ఆమె చేతికి ప్రశంసాపత్రం ఇచ్చారు. "కదలని జీవితం ఎంత గొప్పదో ఈమె లోకానికి చాటింది. ఇంత ఆరోగ్యవంతురాలికి లిఫ్టు అవసరం లేదని కమిటీ ఏకగ్రీవంగా తీర్మానించింది."

"గుండె సంగతి సరే సార్. ఆ ముక్కేదో నా మోకాలికి కూడా చెప్పండి," అంది ఆయమ్మ. హాస్యమాడిందనుకుని సభ చప్పట్లు కొట్టింది. పత్రాన్ని ఆరో అంతస్తు గోడకు తగిలించమన్నారు. పాపం, తనే మోసుకుంటూ ఎక్కింది.

వార్త పత్రికల్లో రాగానే పెద్దమనుషులంతా నిశ్చింతగా కుర్చీల్లో వెనక్కి వాలారు. మీరూ అలాగే వాలి చదువుతున్నట్టున్నారు, మంచిదే. కాస్త కాళ్లు మాత్రం పైకెత్తండి. కింద తుడిచే ఆవిడ ఇందాకటి నుంచి వంగి నిలబడే ఉంది.