ఒక్క కూపనూ ముట్టని మనిషి

“ప్రభుత్వం ముందు చెయ్యి చాచినవాడు జాతికి భారం!”

మా రొట్టెల ఫ్యాక్టరీ యజమాని పికెట్ గారు ఏటా ఫిబ్రవరిలో బల్లెక్కి చేసే ప్రకటన ఇది. ఫిబ్రవరే ఎందుకంటారా? చాలీచాలని జీతాలతో పిల్లల్ని సాకే మాలాంటివాళ్ళకి పన్నుల శాఖ నుంచి నాలుగు డబ్బులొచ్చేది అప్పుడే. మా ఒహాయో ఊళ్ళో కార్లకి కొత్త టైర్లూ, నోళ్ళకి కట్టుడుపళ్ళూ ఆ నెలలోనే మొలుస్తాయి!

“ఆ సొమ్ము తిని అద్దంలో మొహం ఎలా చూసుకుంటారమ్మా?” అంటారాయన.

“జీతం గంటకి రెండు డాలర్లు పెంచండి సార్, ఆ సొమ్ము ముట్టను,” అన్నాను ఈసారి.

“అయ్యో లుయెల్లా! పెంచితే ప్రభుత్వం నుంచి నీకొచ్చేది తగ్గిపోదూ? నీ పిల్లల నోటి దగ్గర కూడు లాగేంత పాపిష్టివాణ్ణా నేను?”

ఆయన కళ్ళు చెమర్చాయి. ధర్మాత్ముడు!

ఆ నమ్మకంతోనే మా వెర్నన్ అన్నయ్యని ఆయన దగ్గరికి తీసుకెళ్ళాను. పేపరు మిల్లు మూతపడి అన్నయ్య ఇంట్లో కూర్చున్నాడు. నెలాఖరులోగా ఉద్యోగం దొరక్కపోతే అద్దిల్లు ఖాళీ చెయ్యాలి. అయినా ఎవరి దగ్గరా సెంటు పుచ్చుకోని మొండిఘటం. “మా సార్ నిన్ను నెత్తిన పెట్టుకుంటారు చూడు!” అన్నాను.

పికెట్ గారు కూర్చోమని కూడా అనకుండా అడిగారు. “ప్రభుత్వం పేదలకిచ్చే తిండి కూపన్లు తీసుకుంటున్నావా?”

“ఛీ! చచ్చినా తీసుకోను.”

సార్ మొహం వాడిపోయింది. “పోనీ, మీ ఆవిడైనా?”

“మా ఇంటా వంటా లేదు సార్!”

“ఎంత పని చేశావయ్యా! కూపన్లు తినేవాణ్ణి పనిలో పెట్టుకుంటే నాకు పన్నులో తగ్గింపు. నీలాంటి పౌరుషవంతుణ్ణి పెట్టుకుంటే నాకేం ఒరుగుతుంది?”

నాకు ఒళ్ళు మండింది. “అంటే మీరు తినేదీ ప్రభుత్వం సొమ్మేనన్నమాట!”

“తప్పు! మీది సాయం, నాది ప్రోత్సాహకం!” అని గర్జించి, అన్నయ్య భుజం తట్టారు. “ఓ ఆరు నెలలు కూపన్లు తిని రావయ్యా. ఉద్యోగం నీదే.”

“అన్నాళ్ళు ఆగలేను సార్. నెలాఖరుకి పిల్లలతో రోడ్డున పడతాం.” అన్నాడు అన్నయ్య.

పికెట్ గారు దిగ్గున లేచారు. మొహం వెలిగిపోతోంది.

“రోడ్డున పడతారా? ఆ శుభవార్త ముందే చెప్పవేం! అలాంటివాళ్ళకి కూపన్లు చిటికెలో ఇస్తారు! నీ ఆరు నెలల లెక్క ఇవాళే మొదలు! పద పద, కూపన్ల ఆఫీసు మూసేలోపు నా కారులో దిగబెడతాను!”

అన్నట్టే దిగబెట్టారు. అన్నయ్య గుమ్మంలో ఆగిపోతే, వెనకనుంచి తోసింది కూడా ఆయనే!